ఆసుల జత వచ్చిన తరువాత: పోకర్ టోర్నమెంటులో బలమైన తొలి ముక్కల లెక్క

ఒడిశాలోని గంజాం, పర్లాకిమిడి ప్రాంతాలకు పేకముక్కలు కొత్తవి కావు. ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండేసి చొప్పున మొత్తం 96 గుండ్రటి ముక్కలతో ఆడే గంజప ఈ నేలమీద ఎంతోకాలం నిలిచింది; చింతగింజల జిగురు పట్టించిన గుడ్డమీద చిత్రకారులు ఆ ముక్కలను చేత్తో రాసేవారు. బరంపురంలోనో గుణుపురంలోనో తెలుగు ఇళ్లవాళ్లు దసరా నుంచి కుమార పూర్ణిమ దాకా రాత్రిళ్లు మేలుకుని కూర్చున్నప్పుడు ముందు రమ్మీ, తరువాత మూడుముక్కలాట సాగడం సహజం. ఆ వరుసలోకి టెక్సాస్ హోల్డెమ్ పోకర్ వచ్చి చేరినప్పుడు పాత ఆటల అలవాట్లు కూడా దానివెంట వస్తాయి. వాటిలో కొన్ని బాగా ఉపకరిస్తాయి. ఒక్కటి మాత్రం బలమైన ముక్కలు వచ్చిన ప్రతిసారీ నష్టమే చేస్తుంది, ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఇక్కడ చర్చిస్తున్నది డబ్బు పెట్టకుండా, అందరూ సమానంగా చిప్స్ పంచుకుని, చివరిదాకా నిలిచినవారికి మార్కులు వేసుకునే టోర్నమెంటు గురించి. ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం అమలులో ఉంది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం దేశమంతటా నిషేధించింది. చిప్స్ లేనిచోట చింతగింజలు పెట్టుకున్నా లెక్కలో తేడా ఏమీ రాదు.

మూడుముక్కలాటలో చేతికి వచ్చిన మూడు ముక్కలే ఆఖరి మాట. పంచిన తరువాత కొత్తగా ఏ ముక్కా రాదు కనుక మూడు ఆసులు పట్టుకున్నవాడు ఎంతసేపు నెమ్మదిగా ఆడినా అతని బలం తరగదు. ఎదుటివాళ్లను ఆటలో ఉండనిచ్చి చివరిదాకా లాక్కురావడమే అక్కడి నేర్పు. హోల్డెమ్ అలాంటిది కాదు. చేతిలో రెండు ముక్కలు, బల్లమీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు, ఆ ఏడింటిలో నుంచి మేలైన ఐదు. అంటే తొలి రెండు ముక్కలు చూసి పందెం పెట్టే సమయానికి, రావలసినవి ఇంకా ఐదు మిగిలే ఉంటాయి. అప్పటి బలం ఆ క్షణానిది మాత్రమే. ఎదుటివాడు ఒక్కో ముక్కను చవకగా చూసిన కొద్దీ అది కరుగుతూ పోతుంది. మూడుముక్కలాటలో దాచుకోవడం లాభమైతే, హోల్డెమ్‌లో అదే దాపరికం ఎదుటివాడికి ఇచ్చే రాయితీ అవుతుంది. బ్లైండు అనే మాట కూడా ఈ రెండు ఆటల్లో వేరు. మూడుముక్కలాటలో అది ముక్కలు చూడకుండా ఆడడం. పోకర్‌లో డీలర్‌కు ఎడమవైపు ఉన్న ఇద్దరు ముక్కలు పంచకముందే తప్పనిసరిగా పెట్టే పందెం; మొదటివాడిది చిన్న బ్లైండు, రెండోవాడిది పెద్ద బ్లైండు.

యాభైరెండు ముక్కల్లో రెండింటిని 1,326 విధాలుగా పంచవచ్చు. ఏ రంగు అన్న తేడా వదిలేసి, రెండూ ఒకే రంగా కాదా అన్నది మాత్రమే చూస్తే 169 రకాలు తేలతాయి. ఏ జత అయినా ఆరు విధాలుగా మాత్రమే రాగలదు కనుక ఆసుల జత సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. ఆసు-రాజు కలయికకు పదహారు విధాలున్నాయి. ఆసుల జత, రాజుల జత, రాణుల జత, ఆసు-రాజు, ఈ నాలుగింటినీ కలిపితే 34 విధాలు, అంటే దాదాపు 39 పంపకాలకు ఒకసారి. ఇంట్లో కూర్చుని గంటకు పాతిక పంపకాల చొప్పున మూడు గంటలు ఆడితే, ఒక్కొక్కరికి ఇలాంటి ముక్కలు సుమారు రెండుసార్లు వస్తాయన్నమాట. రాత్రంతా ఓపికగా ముక్కలు కింద పెట్టి కూర్చున్నవాడికి ఆ రెండుసార్లు ఎలా ఆడాడన్నదే మొత్తం ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. చిన్న జతలతోనో, పది-జాకీలతోనో ఎంత చాకచక్యం చూపినా, ఈ రెండు సందర్భాల్లో చేసిన పొరపాటును అవి పూడ్చలేవు.

నిర్ణయానికి ముందు చూడవలసినది చేతిలోని ముక్కలకంటే ముందున్న చిప్స్‌ను. చిప్స్ సంఖ్య దానంతట అది ఏమీ చెప్పదు. పెద్ద బ్లైండుకు అది ఎన్ని రెట్లు ఉందో చూడాలి. పదివేల చిప్స్‌తో మొదలుపెట్టి, బ్లైండ్లు 50, 100గా ఉన్నప్పుడు అవి వంద బ్లైండ్లు. రెండు గంటల తరువాత బ్లైండ్లు 500, 1000కి చేరితే అవే పదివేలు పది బ్లైండ్లే అవుతాయి. రాణుల జత రెండు సందర్భాల్లోనూ అదే రాణుల జత, అయినా మొదటి సందర్భంలో ఫ్లాప్ (బల్లమీద ఒకేసారి తెరిచే తొలి మూడు ఉమ్మడి ముక్కలు) మీద ఆసు పడితే ఆలోచించి వెనక్కి తగ్గడానికి చోటుంది. రెండో సందర్భంలో ఫ్లాప్ రాకముందే చిప్స్ అన్నీ మధ్యలో ఉండాలి. లోతైన నిల్వతో, అంటే బ్లైండ్లతో పోలిస్తే చిప్స్ ఎక్కువగా ఉన్నప్పుడు, ఒక్క జతను నమ్ముకుని వంద బ్లైండ్లు పోగొట్టుకోవడం, పలుచని నిల్వతో అదే జతను చేతిలో పెట్టుకుని భయపడి వెనక్కి తగ్గడం, ఈ రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు: ఆటగాడు ముక్కలను చూశాడు, లోతును చూడలేదు.

ఇక ఆసుల జత. ఏ ముక్కలు ఉన్నాయో తెలియని ఒక్క ప్రత్యర్థి మీద అది ఐదో ముక్క దాకా వెళ్తే సుమారు 85 శాతం గెలుస్తుంది. ఇద్దరైతే 73, ముగ్గురైతే 64, నలుగురైతే 56 శాతానికి దిగుతుంది. తొమ్మిదిమంది బల్లమీద మిగిలిన ఎనిమిదిమందీ ఉండిపోతే 35 దగ్గర ఆగుతుంది. ఈ అంకెలను తప్పుగా అర్థం చేసుకునే అవకాశం చాలా ఉంది. నలుగురూ తమ చిప్స్ అన్నీ పెట్టి వస్తే, గెలిచే శాతం తగ్గినా మధ్యలో పోగుపడిన చిప్స్ అంతకు మించి పెరుగుతాయి కనుక చిప్స్ లెక్కలో అది నష్టం కానే కాదు. చిక్కంతా నలుగురూ ఒక్కొక్క బ్లైండు మాత్రమే పెట్టి ఫ్లాప్ చూసినప్పుడు వస్తుంది. మధ్యలో ఉన్నది నాలుగైదు బ్లైండ్లే. ఎవరికీ ఏమీ తగలకపోతే ఆసుల జతకు ఆ నాలుగైదు బ్లైండ్లే దక్కుతాయి. ఎవరికైనా రెండు జతలో మూడు ఒకేలాంటివో తగిలితే, అది ఎవరికో తెలియని స్థితిలో, ఒక్క జతను విడవలేక నిల్వ మొత్తం పోతుంది. గెలిస్తే కొంచెం, ఓడితే అంతా అనే ఈ పొందికను ఆటగాడు తన చేతులారా తెచ్చుకుంటాడు.

కాబట్టి మంచి జతతో ముందుగా ఆటలోకి దిగేటప్పుడు పందెం పెంచే దిగాలి. అనుభవజ్ఞుల బల్లమీద పెద్ద బ్లైండుకు రెండుంపావు, రెండున్నర రెట్లు పెంచితే చాలు. పండగ పూట కూర్చున్న బల్లమీద అది సరిపోదు. అక్కడ ముక్కలు చూడకుండా లేవడం ఇష్టంలేనివాళ్లు ఎక్కువ, మూడుముక్కలాటలో షో అడిగే ఉత్సాహంతో వాళ్లు రెండున్నర రెట్లకు నలుగురైనా వస్తారు. అక్కడ నాలుగు రెట్లు, అప్పటికే ఎవరైనా బ్లైండు మాత్రం పెట్టి వచ్చి ఉంటే ఒక్కొక్కరికి ఇంకొక బ్లైండు చొప్పున కలిపి పెంచడం సరైన పద్ధతి. ఒకరు ముందే పెంచి ఉంటే, వారి తరువాత ఆడే సీటులో ఉన్నవాడు దానికి సుమారు మూడు రెట్లు, ముందుగా ఆడవలసిన సీటులో ఉన్నవాడు నాలుగు రెట్లు చేయడం వాడుక. నలభై బ్లైండ్ల నిల్వతో ఇలా ఒక్కసారి తిరిగి పెంచి, ఒక్కరే ఒప్పుకుంటే, మధ్యలో పదిహేడు పద్దెనిమిది బ్లైండ్లు పోగై చేతిలో ముప్పైరెండు మిగులుతాయి. ఫ్లాప్ తరువాత రెండు పందేలతో అవి కూడా సహజంగా లోపలికి వెళ్లిపోతాయి. ఆసుల జతకు కావలసిన పరిస్థితి సరిగ్గా అదే.

రాజుల జతను ఫ్లాప్‌కు ముందే కింద పెట్టడం గురించి ఆటగాళ్లు వీరగాథల్లా చెప్పుకుంటారు. లెక్క దానిని సమర్థించదు. తొమ్మిదిమంది బల్లమీద ఒకరికి రాజుల జత వచ్చినప్పుడు మిగిలిన ఎనిమిదిమందిలో ఎవరికైనా ఆసుల జత ఉండే అవకాశం నూటికి నాలుగుకు కాస్త తక్కువ, అంటే పాతిక సార్లలో ఒకసారి. ఆ ఒక్కసారీ తప్పించుకోవాలని చూసేవాడు మిగిలిన సందర్భాల్లో రాణుల జతల దగ్గర, ఆసు-రాజుల దగ్గర రావలసిన చిప్స్ వదులుకుంటాడు. ఆసుల జత ఎదురైనా సరే రాజులకు నూటికి పద్దెనిమిది వంతుల అవకాశం మిగిలే ఉంటుంది.

నెమ్మదిగా ఆడడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. తరువాతి సీటులో ఉన్న పెద్ద నిల్వవాడు ఎవరు బ్లైండు మాత్రం పెట్టి వచ్చినా ఊరుకోకుండా పెంచే స్వభావం కలవాడైతే, పన్నెండు, పదిహేను బ్లైండ్లతో ఆసుల జత పట్టుకున్నవాడు వాడిచేతే పెంచనిచ్చి అప్పుడు అంతా పెట్టడం మంచి ఎత్తు. అయితే అది ఒక ఫలానా మనిషిని చూసి, ఫలానా లోతులో వేసే ఎత్తు. అలవాటుగా వేస్తే అది ఎత్తు కాకుండా పోతుంది.

ఆసు-రాజు దగ్గరే విషయం అన్నిటికంటే ఆసక్తికరంగా మారుతుంది. చూడడానికి ఘనంగా ఉన్నా అది జత కాదు; ఫ్లాప్ మీద ఆసో రాజో పడే అవకాశం మూడింట ఒక వంతు లోపే, సుమారు 32 శాతం. రాణుల జతకు ఎదురైతే రెండు ముక్కలూ ఒకే రంగైతే 46, వేర్వేరు రంగులైతే 43 శాతం గెలుస్తుంది. వేర్వేరు రంగుల ఆసు-రాజు రాజుల జత ఎదురైతే 30కి, ఆసుల జత ఎదురైతే ఏడెనిమిదికి పడిపోతుంది. ఆసు-రాణికి ఎదురైతే మాత్రం నాలుగింట మూడు వంతుల దాకా దానిదే పైచేయి. ఇన్నిరకాల ఫలితాలున్న ముక్కలతో ఎలా ఆడాలన్న ప్రశ్నకు జవాబు, ఆ ముక్కలు ఎవరి చేతిలో ఉండకుండా ఆపుతాయన్న దానిలో ఉంది. ఒక ఆసు, ఒక రాజు తన చేతిలోనే ఉన్నాయి కనుక ఎదుటివాడికి ఆసుల జత ఆరు విధాలకు బదులు మూడు విధాలుగా మాత్రమే రాగలదు, రాజుల జత కూడా అంతే. తనను చిత్తుచేయగల ముక్కలు సగానికి సగం ముందే తగ్గిపోయాయి.

అందువల్ల ఆసు-రాజు అవతలివాడి పందేనికి జవాబు చెప్పడానికంటే, తానే చివరి పందెం వేయడానికి ఎక్కువ పనికొస్తుంది. ఒక ఉదాహరణ చూద్దాం. బ్లైండ్లు 100, 200; పెద్ద బ్లైండు సీటువాడు బల్ల తరఫున మరో 200 ఆంటీ (బ్లైండ్లకు అదనంగా ముందే పెట్టే తప్పనిసరి పందెం) పెట్టాడు. ముందున్న ఆటగాడు 500కి పెంచాడు. డీలర్ సీటులో ఉన్నవాడి దగ్గర ఆసు-రాజు, 4,000 చిప్స్, అంటే ఇరవై బ్లైండ్లు ఉన్నాయి. పెంచినవాడి దగ్గర కూడా అంతే. మధ్యలో అప్పటికి 1,000 ఉంది. డీలర్ సీటువాడు అంతా పెట్టాడు, బ్లైండ్లవాళ్లిద్దరూ తప్పుకున్నారు. పెంచినవాడు సగంసార్లు తప్పుకుంటాడనుకుంటే ఆ సగంలో 1,000 చిప్స్ పోటీ లేకుండా వస్తాయి. మిగిలిన సగంలో అతను ఒప్పుకుని, ఆసు-రాజుకు 45 శాతమే గెలుపు ఉందనుకుందాం. మధ్యలో పోగైన మొత్తం 8,500, అందులో 45 శాతం 3,825, పెట్టినది 4,000, సగటు నష్టం 175 మాత్రమే. రెండు సగాలనూ కలిపితే ఈ ఎత్తు సగటున 412 చిప్స్, అంటే రెండు బ్లైండ్లకు పైగా తెచ్చిపెడుతుంది. అదే 45 శాతం ముక్కలతో అవతలివాడు ముందే అంతా పెట్టి ఉంటే, తప్పుకునేలా చేసే మొదటి సగం ఈ ఆటగాడికి ఉండేది కాదు. ఒకరు పెంచిన తరువాత ఆటలోకి రావాలంటే, తానే ముందుగా పెంచడానికి చాలిన ముక్కలకంటే మెరుగైనవి ఉండాలని పోకర్ రచయిత డేవిడ్ స్క్లాన్‌స్కీ చెప్పిన అంతర సూత్రం వెనుక ఉన్న కారణం ఇదే.

వంద బ్లైండ్ల లోతులో ఇదే ఆసు-రాజుతో అంతా పెట్టడం మాత్రం అనవసరం. అక్కడ ఒప్పుకునేవాళ్ల దగ్గర దాదాపుగా పెద్ద జతలే ఉంటాయి, గెలవగలిగేది కొన్ని బ్లైండ్లు, పోగొట్టుకునేది టోర్నమెంటు మొత్తం. ఆ దశలో ఒకసారి పెంచి, ఫ్లాప్ చూసి, తగలకపోతే వదిలేసే ఓపిక కావాలి.

జాకీల జత మీద ఆటగాళ్లకు ఉన్నంత కోపం మరే ముక్కల మీదా ఉండదు. కారణం తేలికగానే తెలుస్తుంది: ఫ్లాప్ మీది మూడు ముక్కల్లో కనీసం ఒకటి రాణి, రాజు, ఆసుల్లో ఏదో ఒకటి అయ్యే అవకాశం 57 శాతం. రాణుల జతకు ఈ భయం 41 శాతం, రాజుల జతకు 23. అయినా పెద్ద ముక్క పడినంత మాత్రాన ఎదుటివాడికి అది తగిలిందని కాదు. ఒక్కరే ఎదురుగా ఉంటే జాకీలతో ఒక చిన్న పందెం వేసి చూడవచ్చు. ముగ్గురుంటే ఆ ముక్క ఎవరికో తగిలిందనుకోవడమే మంచిది. పదిహేను బ్లైండ్ల లోపు నిల్వతో ఈ ఆందోళనే అక్కరలేదు, ఫ్లాప్ రాకముందే అంతా పెట్టేస్తే ఆ మీద పడే ముక్కల గురించి తీసుకోవలసిన నిర్ణయం ఏదీ మిగలదు.

ఇప్పటిదాకా చెప్పిన లెక్కల్లో చిప్స్‌ను చిప్స్‌గానే చూశాం. టోర్నమెంటు చివరికి వచ్చేసరికి అది చాలదు. నూటొకటి రమ్మీ ఆడినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు: ఖాతాలో 20 ఉన్నవాడు ఓ మోస్తరు ముక్కలతో ధైర్యంగా ఆడతాడు, 80 దాటినవాడికి మొదటి డ్రాపుకు పడే 20 కూడా బరువే, నూటొకటి చేరితే ఆటలోంచి బయటికే. అవే పదమూడు ముక్కలు, అదే మనిషి, అయినా నిర్ణయం మారుతుంది. పోకర్ టోర్నమెంటులో దీనిని అంకెల్లోకి దించే పద్ధతిని ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. గుర్రప్పందేల వంటి పోటీల ఫలితాలకు అవకాశాలు కట్టడానికి గణాంక శాస్త్రవేత్త డేవిడ్ హార్విల్ 1973లో ఇచ్చిన సూత్రం, ఇందులో వాడే లెక్క ఒకటే: మొదటి స్థానం దక్కే అవకాశం నిల్వల నిష్పత్తిలో ఉంటుంది, మొదటి స్థానం దక్కినవాణ్ని పక్కనపెట్టి మిగిలినవాళ్లలో రెండో స్థానం కూడా అదే నిష్పత్తిలో, అలా కిందిదాకా.

నలుగురు మిగిలారు, ఒక్కొక్కరి దగ్గర 5,000 చిప్స్ ఉన్నాయనుకుందాం. మొదటి స్థానానికి 50 మార్కులు, రెండోదానికి 30, మూడోదానికి 20, నాలుగోవాడికి సున్న. అందరి నిల్వలూ సమానం కనుక ఒక్కొక్కరి స్థానం విలువ 25 మార్కులు. ఒకడు అంతా పెట్టాడు, రెండోవాడు ఒప్పుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. బ్లైండ్లను పక్కనపెడితే, ఒప్పుకుని గెలిచినవాడికి 10,000 చిప్స్ ఉంటాయి, మిగిలిన ఇద్దరికీ 5,000 చొప్పున. అతనికి మొదటి స్థానం దక్కే అవకాశం సగం, రెండోది మూడింట ఒక వంతు, మూడోది ఆరింట ఒక వంతు. లెక్క కడితే స్థానం విలువ 38 మార్కులకు కాస్త ఎక్కువ. చిప్స్ రెట్టింపయ్యాయి, మార్కులు 25 నుంచి 50 కాలేదు, 38 దగ్గర ఆగాయి. ఓడితే మాత్రం ఆ 25 మార్కులూ పూర్తిగా పోతాయి. అంటే ఒప్పుకోవడానికి సగం గెలుపు అవకాశం చాలదు, 65 శాతం కావాలి.

ఈ 65 అనే అంకెను ముందు చెప్పిన ముక్కల పక్కన పెట్టి చూడాలి. ఎదుటివాడు ఏ రెండు ముక్కలతోనైనా అంతా పెడుతున్నాడని తెలిసినా సరే, వేర్వేరు రంగుల ఆసు-రాజుకు ఉన్న అవకాశం సరిగ్గా ఆ 65 దగ్గరే ఉంటుంది. అతను కాస్త ఎంచి పెట్టేవాడైతే ఆసు-రాజును కింద పెట్టవలసిందే. రాణుల జతకు ఎదురుగా ఆసు-రాజు ఉందని ఖాయంగా తెలిసినా 57 శాతమే కనుక అది కూడా చాలదు. ఏ ముక్కలకైనా ఎదురుగా రాణులకు 80, రాజులకు 82, ఆసులకు 85 శాతం ఉంటుంది కనుక, అడ్డూ అదుపూ లేకుండా పెట్టేవాడి మీద అవి నిలబడతాయి. రెండు గంటల ముందు ఇరవై బ్లైండ్లతో ఆసు-రాజును అంతా పెట్టి ఆడడం సరైనదని చెప్పిన లెక్కే, ఇప్పుడు అదే ఆసు-రాజుతో ఒప్పుకోవద్దని చెబుతోంది. వీటిలో వైరుధ్యం లేదు. అప్పుడు అతను పెట్టేవాడు, ఇప్పుడు జవాబు చెప్పేవాడు. అందుకే ఈ దశలో ముందుగా అంతా పెట్టేవాడికి లాభం ఎక్కువ, ఎదుటివాడు మంచి ముక్కలతో కూడా తప్పుకోవలసి వస్తుందని అతనికి తెలుసు. నలుగురిలో ఒకడి దగ్గర రెండు బ్లైండ్లే మిగిలి ఉంటే ఒప్పుకోవడానికి కావలసిన శాతం ఇంకా పెరుగుతుంది. ఆ చిన్న నిల్వవాడు తరువాతి రెండు మూడు పంపకాల్లో పోతాడన్న ఆశ, తన రాణులకున్న విలువలో కొంత భాగాన్ని తినేస్తుంది.

ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకువెళ్తే ఆసుల జతను కూడా ఫ్లాప్‌కు ముందే కింద పెట్టవలసిన ఒకే ఒక చోటు కనిపిస్తుంది. కుమార పూర్ణిమనాటి చివరి బల్లకు ముందు రెండు బల్లలమీద ఎంపిక ఆట పెట్టి, ఒక్కొక్క బల్లలో మిగిలిన ముగ్గురిని సమానంగా పైకి పంపాలని నియమం పెట్టుకున్నారనుకుందాం. మొదటి స్థానానికీ మూడో స్థానానికీ తేడా లేదు, చిప్స్ కూడా మళ్లీ కొత్తగా సమానంగానే పంచుతారు. నలుగురు మిగిలారు, ఒకడి దగ్గర ఒక్క బ్లైండు మాత్రమే ఉంది, తరువాతి పంపకంలో అతను దాన్ని తప్పనిసరిగా పెట్టాలి. అప్పుడు పెద్ద నిల్వవాడు అంతా పెట్టాడు, రెండో పెద్ద నిల్వవాడి చేతిలో ఇస్పేటు ఆసు, కళావరు ఆసు ఉన్నాయి. ఒప్పుకుంటే నూటికి ఎనభై అయిదు వంతులు గెలుస్తాడు, గెలిచినా అతనికి కొత్తగా దక్కేది ఏమీ లేదు. తప్పుకుంటే నూటికి తొంభై అయిదు వంతులకు పైగా పై బల్లకు వెళ్తాడు. ఆ రెండు ఆసులనూ ఎవరికీ చూపకుండా డీలర్ వైపు జరిపేయాలి.